సింగర్‌ను తూకానికి వేయకండి

కొల్లేటి గాలి ఇనుముకు పడదు. మా గుండుగొలనులో ముసురు పట్టిందంటే బీరువా తాళాలు కూడా మొరాయిస్తాయి. అయినా మా వైపు ఇళ్ళలో మూలన పడిన పాత నల్ల కుట్టు మిషన్లకు తుప్పు కంటే కొబ్బరినూనే ఎక్కువ చేటు చేసింది. మిషన్ ఆయిల్ కోసం ఏలూరు ఎవరు వెళ్తారని వంటింటి సీసాలోంచి రెండు చుక్కలు పోసేవారు. ఆ పూటకు మెత్తగానే తిరిగేది. ఏళ్ళు గడిచేసరికి ఆ నూనె బంకై, లక్కలా బిగిసిపోతుంది. ఇక చక్రం కదలదు. "పాడైపోయింది" అని పాత ఇనుము కింద తూచేస్తారు.

మా మేనత్త కాలిమిషను కూడా అలాగే బిగుసుకుపోయింది. స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారైన సింగర్ అది. 1885లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. యంత్రాలంటే అంతగా విముఖత చూపిన గాంధీగారు 1924లో ఒక సంభాషణలో కుట్టు మిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆడమనిషి చేతికుట్టు శ్రమ తగ్గించాలనే ప్రేమలోంచి పుట్టిన వస్తువని ఆయన నమ్మకం. మా అత్త బతుకు చూసినవాణ్ణి, ఆ మాటను నేనూ నమ్ముతాను. ఆ మిషను మీద జాకెట్లు కుట్టే ఆవిడ పిల్లల్ని చదివించింది.

దాన్ని బాగుచేద్దామని సూది కింద పలక మరలు విప్పితే పళ్ళ మధ్య దారపు నూగు దట్టంగా, గట్టి ముద్దలా పేరుకుని ఉంది. పిన్నీసుతో లాగుతుంటే ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పొరలు పొరలుగా వచ్చాయి. ఏ పండక్కి ఎవరి జాకెట్టు కుట్టిందో! తర్వాత నూనె రంధ్రాలన్నిటిలో కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయాలి. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని వద్దు. తెల్లారాక చక్రాన్ని మనవైపు గోరంత తిప్పాలి, ఆగాలి, మళ్ళీ చుక్క వేయాలి. సుత్తి జోలికి పోకూడదు. కదలిక వచ్చాక కిరసనాయిలు తుడిచేసి అసలు మిషన్ ఆయిల్ పోయాలి. లేకపోతే ఇనుము పొడిగా రాసుకుని అరిగిపోతుంది. దారం బిగువు చూసే బిళ్ళల మధ్య సన్నటి గుడ్డపేలిక లాగితే అక్కడి మురికీ వస్తుంది. తోలు బెల్టు వదులైతే కాస్త కోసి, తీగ క్లిప్పుతో మళ్ళీ కలిపితే సరి.

మిషను ఒంటి మీది బంగారు పువ్వుల విషయంలో మాత్రం నేను రాజీపడను. థిన్నర్, స్పిరిట్, గిన్నెలు తోమే పీచు తగిలితే ఆ పువ్వులు లేచిపోతాయి. మిషన్ ఆయిల్‌లో తడిపిన మెత్తటి గుడ్డ చాలు. కొత్త నల్ల రంగు కొట్టించి మెరిపించడం బాగుచేయడం కాదు. అక్కడక్కడా చెరిగిన పువ్వు అలాగే ఉండనివ్వాలి.

అత్త మిషను ఇప్పుడు కుడుతోంది. విడిభాగాలకూ బెంగ లేదు. అది సింగర్‌లో 15వ రకం. కలకత్తా ఉషతో సహా మన దేశంలో ఎన్నో మిషన్లు ఆ పద్ధతిలోనే తయారయ్యాయి కాబట్టి బాబిన్లు, సూదులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే పాత ఇనుము బండిని పిలిచే ముందు ఆ పలక ఒక్కసారి విప్పి చూడండి.