ఒక్కో తూటాకీ ఒక్కో సన్నాహం

కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' 1971లో వచ్చింది. టోపీ, గుర్రం, నడుముకు వేలాడే రివాల్వర్: తెలుగువాళ్ళకు కౌబాయ్ రూపం అప్పుడే స్థిరపడిపోయింది. 2002లో 'టక్కరి దొంగ'తో మహేశ్ బాబు ఆ ముచ్చట మళ్ళీ తీర్చాడు. హాలీవుడ్ కౌబాయ్ సినిమాల్లో ఒక గారడీ తరచూ కనిపిస్తుంది. ఒక చేత్తో ట్రిగ్గర్ నొక్కిపట్టి, రెండో అరచేత్తో హ్యామర్‌ను టపటపా చరుస్తూ హీరో తూటాలన్నీ క్షణంలో కుమ్మరించేస్తాడు. నిజంగా అలా చరిస్తే గురి గాలికి పోతుంది, లోపలి భాగాలు అరిగిపోతాయి. ఆ రివాల్వర్‌ని ఇష్టపడి కొనుక్కునే అమెరికన్ వేటగాడు కోరుకునేది వేగం కాదు, నిదానం.

సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్‌కి ఉన్నది ఒకటే పని, ఎక్కుపెట్టి ఉన్న హ్యామర్‌ని వదిలేయడం. ఎక్కుపెట్టే పని బొటనవేలిది. ప్రతి తూటాకీ హ్యామర్‌ని వెనక్కి లాగాల్సిందే. అలా లాగినప్పుడే సిలిండర్ ఒక గది తిరిగి, తరువాతి తూటా బారెల్ ఎదుటికి వస్తుంది. డబుల్ యాక్షన్‌లో ఈ చాకిరీ కూడా ట్రిగ్గర్ మీదే పడుతుంది కాబట్టి దాన్ని బలంగా, చాలా దూరం లాగాలి. ఇక్కడ వేలు కాస్త కదిలితే చాలు. తూటాలు నింపడంలోనూ తొందర కుదరదు. కుడిపక్కనున్న చిన్న తలుపు తెరిచి, బారెల్ పక్కన ఉండే కడ్డీతో కాల్చిన తొడుగుల్ని ఒక్కొక్కటే వెనక్కి నెట్టి, కొత్తవి ఒక్కొక్కటే దూర్చాలి. ప్రాణరక్షణకు ఆయుధం కావాలనుకునేవారికి ఇది పనికిరాదనే చెబుతాను. జింక కోసం చెట్టు మొదట్లో కూర్చున్నవాడికి, ఆదివారం సాయంత్రం ఖాళీ డబ్బాలు వరసగా పేర్చుకున్నవాడికి మాత్రం ఈ నిదానమే గురువు. రెండో తూటా వెంటనే రాదని తెలిసినవాడు మొదటిదాన్ని జాగ్రత్తగా వాడతాడు.

ఈ యంత్రానికి మూలరూపం 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. కంపెనీ స్థాపకుడు శామ్యూల్ కోల్ట్ అప్పటికే, 1862లోనే, పోయాడు. అమెరికా అశ్వికదళం ఏడున్నర అంగుళాల బారెల్‌తో, .45 కోల్ట్ తూటాతో దాన్ని తీసుకుంది. 1892లో సైన్యం .38 డబుల్ యాక్షన్‌కి మారింది గానీ పశువుల కాపరులు, వేటగాళ్ళు పాతదాన్ని వదల్లేదు. రెండో ప్రపంచయుద్ధం నాటికి కోల్ట్ దీని తయారీ ఆపేసింది. సరిగ్గా ఆ తర్వాతే టెలివిజన్‌లో కౌబాయ్ కథలు ఊపందుకున్నాయి. కొనేవాళ్ళున్నారు, అమ్మేవాళ్ళు లేరు. కనెక్టికట్‌లో 1949లో మొదలైన స్టర్మ్, రూగర్ కంపెనీ ఆ ఖాళీని పసిగట్టింది. 1953లో .22 తూటాతో సింగిల్ సిక్స్, 1955లో .357 మాగ్నమ్‌తో బ్లాక్‌హాక్ తెచ్చింది. పాత కోల్ట్‌లో తరచూ విరిగే బల్లపరుపు స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులు వేసింది. కోల్ట్ 1956లో తేరుకుని తయారీ మళ్ళీ మొదలుపెట్టింది కానీ, వేటకు పనికొచ్చే గట్టి రివాల్వర్ అంటే జనానికి అప్పటికే రూగర్ గుర్తుకొస్తోంది.

కొనేముందు తప్పక తెలియాల్సిన భద్రత సంగతి ఒకటుంది. పాత కోల్ట్‌లో తూటాను పేల్చే సూది హ్యామర్ ముక్కుకే ఉంటుంది. హ్యామర్ దించి ఉన్నప్పుడు దాని కింద నిండు తూటా ఉంటే, తుపాకీ కిందపడి హ్యామర్‌కి దెబ్బ తగిలితే పేలవచ్చు. అందుకే ఆరు గదులున్నా అయిదే నింపుతారు. ఒకటి నింపి, ఒకటి వదిలి, నాలుగు నింపి, హ్యామర్ పూర్తిగా ఎక్కుపెట్టి నెమ్మదిగా దించితే అది ఖాళీ గది మీదికే వస్తుంది. రూగర్ 1973లో ట్రాన్స్‌ఫర్ బార్ అనే ఉక్కు పలక పెట్టి ఈ గొడవ తీర్చింది. ట్రిగ్గర్ నొక్కి ఉంచితేనే ఆ పలక హ్యామర్‌కీ సూదికీ మధ్యకు లేచి దెబ్బను అందిస్తుంది, లేకపోతే హ్యామర్ సూదిని తాకనే తాకదు. పాత రూగర్‌లు కొనేవాళ్ళు ఫ్రేమ్ పక్కన చూడాలి. మూడు స్క్రూలుంటే అది 1973కి ముందుది. అలాంటివాటికి కొత్త భద్రతా ఏర్పాటును కంపెనీయే ఉచితంగా బిగించి పంపుతుంది. నా మాట అడిగితే, మొదటిసారి కొనేవారు పాత కోల్ట్ అందానికీ, దాని ఇటలీ నకళ్ళకూ మురిసిపోకుండా ట్రాన్స్‌ఫర్ బార్ ఉన్నదే కొనాలి.

దుకాణాల్లో బేరం ఎప్పుడూ తూటా సైజు దగ్గర మొదలవుతుంది. మొదలవాల్సింది పిడి దగ్గర. కోల్ట్ పిడి నాగలి మేడిలా వంగి ఉంటుంది. తూటా పేలగానే అది అరచేతిలో దొర్లి, బారెల్ పైకి లేస్తుంది. తన్ను కొంత ఆ దొర్లడంలోనే పోతుంది, హ్యామర్ కూడా బొటనవేలికి దగ్గరగా వస్తుంది. మామూలు తూటాలకు ఇంతకన్నా హాయైన పిడి లేదు. తుపాకీమందు దట్టించిన బరువైన తూటాలతో మాత్రం దొర్లుడు మరీ ఎక్కువై పట్టు జారుతుంది. 1959లో వచ్చిన సూపర్ బ్లాక్‌హాక్‌లో ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ వెనకవైపు చదరంగా ఉంటుంది. చాలామందికి అది మధ్యవేలి కణుపు మీద ఠపీమని కొడుతుంది. దీనికి మందు బిస్లీ పిడి. ఇంగ్లండ్‌లోని బిస్లీ గురి మైదానం పేరిట కోల్ట్ 1890లలో చేసిన నమూనా అది. రూగర్ 1980లలో తన పద్ధతిలో దాన్ని మళ్ళీ పోతపోసింది. నిటారుగా, పొడుగ్గా ఉండటంతో తన్ను నేరుగా అరచేతిలోకి వస్తుంది. చిన్న చేతులవాళ్ళకు అది పెద్దదనిపించవచ్చు. పట్టుకుని చూడకుండా తేల్చే విషయం కాదిది.

ఇక తూటా సంగతి. దీని మీద ఎక్కువ ప్రభావం చూపినవాడు ఐడహో రాష్ట్రంలోని సామన్ ఊళ్ళో బతికిన పశుపాలకుడు, రచయిత ఎల్మర్ కీత్ (1899–1984). తానే మందు కూరి తూటాలు చేసుకునేవాడు. 1920లలో ఒక .45 కోల్ట్ సిలిండర్ అతని చేతిలోనే పేలిపోయింది. .44 తూటా సన్నం కాబట్టి దాని గదుల మధ్య గోడలు మందంగా ఉంటాయని చూసి అటు మళ్ళాడు. చదునైన మూతి, పదునైన భుజం ఉండే బరువైన సీసపు గుండు పోసి, దానికి మందు పెంచుతూ పోయాడు. స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి 1955లో .44 మాగ్నమ్ తేవడానికి అతని పోరే పెద్ద కారణం. కీత్ పట్టుదల వెనుక ఉన్న తర్కం ఈనాటికీ నిలుస్తుంది. రైఫిల్ గుండుకుండే వేగం రివాల్వర్ గుండుకు రాదు. అది జంతువును కూల్చేది గుండె, ఊపిరితిత్తుల గుండా నేరుగా దూసుకుపోయే రంధ్రంతో మాత్రమే. అందుకే గుండు బరువు, మూతి ఆకారం, అన్నిటికన్నా అది తగిలిన చోటు ముఖ్యం.

మొదటి రివాల్వర్ మాత్రం .22 కావాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. సింగిల్ సిక్స్, హెరిటేజ్ రఫ్ రైడర్ లాంటివాటిలో సిలిండర్ మార్చి .22 మాగ్నమ్ కూడా కాల్చుకోవచ్చు. ఉడతలకూ కుందేళ్ళకూ ఇది చాలు. తన్ను దాదాపు లేదు కాబట్టి ట్రిగ్గర్ దగ్గర మనం చేసే ప్రతి తప్పూ కాగితం మీద నిజాయితీగా పడుతుంది. రెండో మెట్టు .357. అందులో చవకైన, మెత్తని .38 స్పెషల్ కూడా పేలుతుంది. జింకకు దగ్గర దూరంలో .357 సరిపోతుందనే వాళ్ళున్నారు. నేనైతే .44 గానీ .45 కోల్ట్ గానీ అంటాను. నిజానికి సెకనుకు తొమ్మిదివందల అడుగుల వేగంతో వెళ్ళే 250 గ్రెయిన్ల .45 గుండు దగ్గరి జింకకు ఎక్కువే. ఒక హెచ్చరిక: రూగర్ కోసమని ముద్రవేసి అమ్మే బలమైన .45 తూటాలను కోల్ట్‌లో, దాని నకళ్ళలో కాల్చకూడదు. వయోమింగ్‌లోని ఫ్రీడమ్ ఆర్మ్స్ కంపెనీ 1983 నుంచి అయిదు గదుల .454 కాసుల్ చేస్తోంది. గొప్ప పనితనమే, కానీ ఎలుగుబంట్ల అడవుల్లో తిరగనివారికి అది మణికట్టు మీద కోపం తీర్చుకోవడమే.

వేటకైతే కదిలే వెనకగురి ఉన్నదే తీసుకోవాలి. బరువైన, మెల్లని గుండు బారెల్‌లో కాస్త ఎక్కువసేపు ఉంటుంది, ఆలోగా బారెల్ లేస్తుంది, గుండు పైన తగులుతుంది. తూటా మారినప్పుడల్లా గురి సర్దుకోవడానికి స్థిరమైన గాడి ఒప్పుకోదు.

కాల్చే పద్ధతిలో తేడా హ్యామర్ దగ్గరే వస్తుంది. అది చాలా దూరం ప్రయాణించి కొడుతుంది. ట్రిగ్గర్ వదిలిన తర్వాత కూడా ముందుగురి మీద చూపు అలాగే నిలపాలి. ఫలితం చూద్దామని తల ఎత్తారో, గుండు దారి తప్పుతుంది. చెవులకు రక్షణ తప్పనిసరి, వేటలో కూడా. సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందులోంచి వేడి వాయువు పక్కలకు చిమ్ముతుంది, కనుక రెండో చేతి వేళ్ళు గానీ మోకాలు గానీ ఆ దాపుకు రాకూడదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఈ వేటకు చోటు లేదు. అమెరికాలో ఉండే తెలుగువారిలో వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. తుపాకుల దుకాణానికి కాదు, ముందు ఒక న్యాయవాది దగ్గరికి వెళ్ళడం మేలు. రాష్ట్రానికో నిబంధన. టెక్సస్‌లో .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలతో తెల్లతోక జింకను కాల్చకూడదు. అక్కడ 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటగాళ్ళ శిక్షణ పొందాలి. వేట వల్ల అడవికి దక్కేదీ ఉంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం చేతి తుపాకుల మీద 10 శాతం, రైఫిళ్ళ మీదా తూటాల మీదా 11 శాతం పన్ను వేసి, ఆ సొమ్మును వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు పంచుతుంది.

జింక మీదికి ఎంత దూరం నుంచి కాల్చవచ్చో తేల్చేది తూటా కాదు, ఎనిమిది అంగుళాల కాగితపు పళ్ళెం. ప్రాణస్థానం దాదాపు అంత వెడల్పే ఉంటుంది. వేట దుస్తుల్లోనే, బల్ల మీద కాకుండా అడవిలో కూర్చునేలా కూర్చుని, అయిదు తూటాలు కాల్చాలి. అయిదూ పళ్ళెంలో పడితే అయిదు గజాలు వెనక్కి జరగాలి. ఒకటి తప్పిన చోట ఆగిపోవాలి. చాలామంది యాభై గజాలు దాటరు. నిలబడి కాల్చే లెక్క వేరు, అది ఇంకా తక్కువ వస్తుంది. ఏటా సీజన్ ముందు ఈ లెక్క కొత్తగా తీయాల్సిందే, నిరుటి దూరం ఈ ఏడు చెల్లదు.