రెండు గొట్టాలు, ఒకటే గురి

ఎవరింట్లోనైనా పాత తుపాకీ ఉందంటే చాలు, కాఫీ వచ్చేలోపే అడిగేస్తాను: "గొట్టాలు విప్పి చూపిస్తారా?" ఇంటివాళ్లు ముందు నగిషీ చూపిస్తారు. తాతగారి పేరు చెక్కిన వెండి బిళ్ల చూపిస్తారు. ఆయన కొట్టిన చిరుత కథ చెబుతారు. అన్నీ వింటాను గానీ చూపు మాత్రం గొట్టాల అడుగునే ఉంటుంది. లోపల తూటాలు లేవని చూసుకుని, ముందరి కర్ర ఊడదీసి, పైమీట పక్కకు నెట్టి, గొట్టాలు కిందికి వంచి బయటికి తీస్తే అడుగున చీమలబారులా చిన్న చిన్న ముద్రలు. గొట్టాల బలం పరీక్షించే ప్రూఫ్ హౌస్ ఏ ఊరిది, పొగమందుకు పరీక్షించారా పొగరాని మందుకా, తూటా గది పొడవెంత? ఆ తుపాకీ జాతకమంతా అక్కడే ఉంటుంది. వెండి బిళ్లను ఎవడైనా తర్వాత అతికించుకోవచ్చు.

ముందే చెప్పేస్తున్నా, నేను బర్మింగ్‌హామ్ పక్షం. జంట గొట్టాల తుపాకుల గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది లండన్ పేర్లే జపిస్తారు: పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, బాస్. వాళ్ల పనితనాన్ని కాదనే సాహసం ఎవరికీ లేదు. తుపాకుల పనివాడు జోసెఫ్ మాంటన్ దగ్గర పని చేసిన జేమ్స్ పర్డీ 1814లో సొంత కొట్టు పెట్టుకున్నాడు. థామస్ బాస్ కూడా మాంటన్ చేతి కింద తయారైనవాడే. శిష్యులు తరతరాలకు సరిపడా పేరు గడిస్తే, గురువు మాంటన్ 1826లో దివాలా తీశాడు. అది వేరే కథ.

కానీ 1875లో బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో విలియం ఆన్సన్, జాన్ డీలీ అనే ఇద్దరు చేసిన పని చూడండి. అప్పటిదాకా ఎక్కువ తుపాకులకు హ్యామర్లు బయటే ఉండేవి; ఒక్కో దాన్నీ బొటనవేలితో వెనక్కి లాగి నిలపాలి. వీళ్లిద్దరూ హ్యామర్లను గొట్టాల వెనకుండే ఇనుప పెట్టె లోపలికి తోసేశారు. తూటా వేయడానికి గొట్టాలు కిందికి వంచుతామా, ఆ వంచడంలోనే లోపలి హ్యామర్లు వెనక్కి వెళ్లి నిలుస్తాయి. వేరే పని లేదు. విడిభాగాలు తక్కువ, చెడిపోయేవి ఇంకా తక్కువ. ఇవాళ ప్రపంచంలో బాక్స్‌లాక్ అని పిలిచే జంట గొట్టాల తుపాకీ ఏది తీసుకున్నా ఆ ఇద్దరి పేరు చెప్పుకోవలసిందే. 1897లో అదే కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, అడుగు పలక తీస్తే పనిముట్లు అక్కర్లేకుండా చేత్తోనే లాక్‌లు బయటికి వచ్చేలా చేసింది. లండన్ దుకాణాలు తమ పేర్లు చెక్కి అమ్మిన తుపాకుల్లో ఎన్నో బర్మింగ్‌హామ్ పనివాళ్ల చేతుల్లో పుట్టినవే. ఈ మాట లండన్ అభిమానుల దగ్గర అంటే మొహం మాడ్చుకుంటారు.

న్యాయం కోసం పర్డీ వైపు ఒక్క మాట. 1880లో ఫ్రెడరిక్ బీజ్లీ కనిపెట్టిన ఏర్పాటును వాళ్లు తీసుకున్నారు. అందులో స్ప్రింగు బలం కొంత హ్యామర్‌ను కొట్టడానికి పోతే, మిగిలింది గొట్టాలు వాటంతటవే తెరుచుకోవడానికి సాయపడుతుంది. పర్డీ ఇప్పటికీ అదే చేస్తోంది. దానికి మాత్రం నేను కూడా దణ్ణం పెడతాను.

అసలు విద్య డబుల్ రైఫిల్‌లో ఉంది. రెండు గొట్టాలు పక్కపక్కన చూస్తే సమాంతరంగా ఉన్నట్టే కనిపిస్తాయి. ఉండవు, ఉండకూడదు. కుడి గొట్టం పేలితే తుపాకీ పైకీ కుడికీ తన్నుతుంది. ఎడమది పేలితే ఎడమకు. గుండు గొట్టం మూతి దాటేలోపే ఈ కదలిక మొదలవుతుంది. అందుకని మూతుల దగ్గర రెండింటినీ వెంట్రుకవాసి దగ్గరికి తెచ్చి బిగించాలి. ఎంత దగ్గరికి? దానికి సూత్రం లేదు, కాల్చి చూడటమే. ఈ పని చేసేవాణ్ని రెగ్యులేటర్ అంటారు. మూతుల మధ్య సన్నని ఏటవాలు ఉక్కు ముక్క పెట్టి టంకంతో అతుకుతాడు. మైదానానికి వెళ్లి కుడి గొట్టం కాలుస్తాడు, ఎడమ గొట్టం కాలుస్తాడు, అట్ట మీద చిల్లులు చూస్తాడు. గుండ్లు ఒకదాన్నొకటి దాటి అటూ ఇటూ పోయాయా, విడిపోయాయా, ఒకటి పైకి ఒకటి కిందికి పడ్డాయా? తిరిగొచ్చి టంకం కరిగించి, ఉక్కు ముక్కను ఒక్క పోటు లోపలికో బయటికో జరిపి, చల్లారాక మళ్లీ కాలుస్తాడు. రెండు చిల్లులూ పక్కపక్కన పడేదాకా ఇదే పని. పైగా ఆ గురి ఒక్క రకం తూటాకే. మందు తూకం, గుండు బరువు మారిస్తే పనివాడి శ్రమ గంగపాలు. అందుకే మంచి రైఫిళ్ల మీద మందెంత, గుండెంత అని చెక్కి ఇస్తారు. 1883లో 'ది ఫీల్డ్' పత్రిక పెట్టిన పోటీల్లో హాలండ్ అండ్ హాలండ్ రైఫిళ్లు అన్ని విభాగాల్లోనూ గెలిచాయంటే, గెలిచింది ఈ టంకం పట్టుకున్న చేతులే.

ఈ రైఫిళ్ల చరిత్రలో మన దేశపు చెయ్యి కూడా ఉంది. తిరుగుబాటుదార్ల చేతుల్లో .450 మార్టినీ-హెన్రీ రైఫిళ్లు ఉన్నాయని, ఆ కొలత తూటాలు వాళ్లకు అందకూడదని 1900ల తొలి దశకంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో .450ని నిషేధించింది. ఇంగ్లండులో కంపెనీలు గోల పెట్టి, చివరికి .465, .470, .475 అంటూ కొత్త కొలతలు తీశాయి. ఆఫ్రికాలో ఏనుగుల వేటగాళ్లు నేటికీ తలుచుకునే .470 తూటా అలా పుట్టినదే.

కర్ర పని గురించి ఎవరూ మాట్లాడరు. ఇనుప పెట్టెను అక్రోటు కర్రలో కూర్చోబెట్టడం సామాన్యమనుకుంటారు. పనివాడు కిరసనాయిలు దీపం మసి ఇనుముకు పట్టిస్తాడు. దాన్ని చెక్కిన గుంటలో నొక్కి తీస్తాడు. కర్రలో ఎక్కడ నల్లబడితే అక్కడ ఉబ్బు ఉన్నట్టు. ఆ మచ్చ మాత్రమే ఉలితో తీస్తాడు. మళ్లీ మసి, మళ్లీ ఉలి. గుంట మొత్తం ఒకే రంగుగా నల్లబడేదాకా. అప్పుడు ఇనుముకూ కర్రకూ మధ్య కాగితం కూడా దూరదు. వందేళ్ల తర్వాత కూడా తన్నుకు కర్ర చీలదు. చవక తుపాకీలో ఈ సందు లక్కతో, రంగుతో పూడ్చి ఉంటుంది. నాలుగు పెట్టెల తూటాలు కాల్చాక చీలిక బయటపడుతుంది.

గొట్టాల సంగతి రెండు ముక్కల్లో. ఇనుము, ఉక్కు కడ్డీలు మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి కొట్టి అతికినవి డమాస్కస్ గొట్టాలు. పేరు డమాస్కస్‌దే గానీ పని ఎక్కువగా బర్మింగ్‌హామ్‌ది, బెల్జియంలోని లియేజ్‌ది. చూడటానికి ఎంత అందమో చెప్పలేను. కానీ ఇవి పొగమందు రోజులవి. ప్రూఫ్ ముద్ర చూడకుండా వాటిలో ఇప్పటి తూటాలు వేసేవాడికి వేళ్ల మీద ఆశ లేనట్టే.

కొనేవాళ్లకు చెప్పవలసింది వేరే ఉంది. తుపాకీని చొక్కాలాగే ఒంటికి కొలిచి కుట్టించాలి. కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి, చెంప కర్రకు ఆన్చండి, కళ్లు తెరవండి. గొట్టాల మీది పట్టీ వెంబడి చూపు నేరుగా పోతే ఆ తుపాకీ మీది. పట్టీ మొత్తం కనిపిస్తూ గొట్టాలు పైకి చూస్తే కర్ర ఎత్తు ఎక్కువ. పట్టీ కనబడకుండా చూపు పెట్టె వెనకే ఆగిపోతే వంపు ఎక్కువ. కుడిచేతి వాటమున్న కొంతమందికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది, అది చూసుకోకుండా ఎంత డబ్బు పోసినా దండగ. బరువుకు పాత లెక్క ఒకటుంది: కాల్చే సీసపు రవ్వల బరువుకు 96 రెట్లు తుపాకీ ఉండాలి. ఔన్సు రవ్వలకు 6 పౌన్ల తుపాకీ. అంతకు తక్కువైతే భుజం చెబుతుంది. చోక్, అంటే గొట్టం మూతి దగ్గరి బిగింపు, విషయంలో మనవాళ్లకు ఎందుకో ఫుల్ చోక్ మోజు. 40 గజాల్లో 30 అంగుళాల వలయంలో 70 శాతం రవ్వలు పడతాయని విని మురిసిపోతారు. 15 గజాల్లో అదే రవ్వల గుంపు చాలా చిన్నదిగా ఉంటుందని, దాంతో తగలడం కంటే తప్పడమే ఎక్కువని ఎవరూ చెప్పరు.

ఒంటికి కుదిరిన తుపాకీ ఏం చేయగలదో చూడాలంటే రెండో మార్క్విస్ రిప్పన్. స్థానిక స్వపరిపాలన పేరుతో మనం చదువుకున్న వైస్రాయి రిప్పన్ గారి కొడుకే. బయటి హ్యామర్లున్న మూడు పర్డీ తుపాకులు, వాటిని నింపి అందించే ఇద్దరు సహాయకులు. సాండ్రింగ్‌హామ్‌లో ఒక్క నిమిషంలో 28 పక్షులను పడగొట్టాడని ప్రసిద్ధి. జీవితాంతం ఆయన కొట్టిన పక్షుల లెక్క లక్షల్లో ఉంది. ఇవాళ చదివితే ఆ సంఖ్య రోత పుట్టిస్తుంది. ఆ చేయి వేగం మాత్రం ఇంకెవరికీ రాలేదు.

మన వైపు చెప్పుకోవాలంటే జిమ్ కార్బెట్. 1907లో చంపావత్ నరభక్షక ఆడపులిని కొట్టినందుకు ఆయనకిచ్చిన .275 రిగ్బీ రైఫిల్ మీద వెండి పలక ఇప్పటికీ ఉంది. అది జంట గొట్టాలది కాదు, సన్నని బోల్ట్ రైఫిల్. మా వైపు మామండూరు అడవుల కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్‌కు అమెరికా .405 వించెస్టర్ చాలింది. మహారాజుల పెట్టెల్లో దంతపు బిళ్లలతో పడుకున్న డబుల్ రైఫిళ్లకంటే ఈ రెండూ ఎక్కువ పని చేశాయి.

ఆత్మరక్షణకు ఏది మంచిదని అడిగేవాళ్లు చాలామంది. కాన్పూర్‌లో చేసే .32 రివాల్వర్ ఉంది. ఆడవాళ్ల కోసమని 2014లో 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వర్ తెచ్చారు. తేలికైతే తన్ను ఎక్కువ, చిన్న గొట్టంతో గురి కష్టం. సాధన లేనివాడి చేతిలో అది ధైర్యం కోసం పెట్టుకున్న ఇనుము. తోటలో ఒంటరి ఇల్లున్నవాడికి మామూలు 12 బోరు జంట గొట్టాల తుపాకీ చాలని నా మాట. నిండుగా ఉందో ఖాళీగా ఉందో తెరిచి ఒక్క చూపులో తెలుస్తుంది. తుపాకీ ఒక బీరువాలో, తూటాలు ఇంకో చోట, తాళాలు పిల్లలకు అందని చోట. ఈ మాత్రం చేయలేనివాళ్లు కుక్కను పెంచుకోవడం మేలు.

ఆటకు మాత్రం నా పక్షపాతం పనికిరాదు. ఎగిరే మట్టి బిళ్లలను కొట్టే ట్రాప్ పోటీల్లో గొట్టం మీద గొట్టం ఉన్న తుపాకీదే రాజ్యం, ఎందుకంటే చూపుకు ఒకే సన్నని దారి ఉంటుంది. ఇటలీలో 1957లో మొదలైన పెరాజ్జీ తుపాకీతో ఎన్నియో మత్తరెల్లి 1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. పెరాజ్జీ తుపాకుల్లో చాలావాటికి ట్రిగ్గర్ భాగమంతా చేత్తో ఊడి వస్తుంది. ఆ ఆలోచన 1897లోనే ఎవరికి వచ్చిందో మళ్లీ చెప్పను. మనకు బికనీర్ మహారాజా కర్ణీసింగ్ అయిదు ఒలింపిక్స్ ఆడాడు, 1962 కైరో ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చాడు. హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు. గగన్ నారంగ్, ఈషా సింగ్‌లవి రైఫిల్, పిస్టల్ దారులు. ఈ నగరానికి గురి కొత్త కాదు.

ఇక ఒళ్లు మండే సంగతి. బెల్జియం నుంచి 'డబ్ల్యూ. రిచర్డ్స్' అని పేరు చెక్కి వచ్చిన చవక తుపాకులను వెస్ట్లీ రిచర్డ్స్ అనుకుని మురిసిపోయే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అది పాత మోసం. కొత్త మోసం లేజర్ నగిషీ: ఉలి తాకని బాతులు, ప్రాణం లేని ఆకులు. పర్డీలో శిష్యరికం చేసి, హ్యారీ కెల్ దగ్గర చెయ్యి తిరిగిన కెన్ హంట్ చెక్కిన ఒక్క తీగ ముందు ఇవి ఏపాటివి! బీహార్‌లోని ముంగేర్ కథ ఇంకా బాధ. 1760లలో మీర్ ఖాసిం అక్కడ ఆయుధశాల పెట్టాడు, తరతరాల పనితనం నిలిచింది. లైసెన్సు ఉన్న కార్ఖానాలకు పని లేక, అదే చేతులు దొంగ కట్టాలు, అంటే నాటు పిస్టళ్లు, చేసే దశకు వచ్చాయి. ఆ ఊరి పేరు ఇప్పుడు పోలీసు వార్తల్లోనే వింటున్నాం.

అంతకంటే కోపం మరమ్మతు పేరుతో చేసే పాపాల మీద. నాకు తెలిసిన ఇంట్లో మంచి బర్మింగ్‌హామ్ బాక్స్‌లాక్ ఉండేది. ఒక మరమ్మతు కొట్టుకు పంపారు. తిరిగొచ్చేసరికి గొట్టాలు అద్దంలా మెరుస్తున్నాయి. ప్రూఫ్ ముద్రలు సగం అరిగిపోయాయి, నగిషీ కరిగిపోయింది, రెండున్నర అంగుళాల తూటా గదులను 70 మిల్లీమీటర్లకు తొలిచి పెట్టారు. గోడ ఎంత పలచబడిందో కొలవలేదు, మళ్లీ ప్రూఫ్ చేయించలేదు. ఆ తుపాకీని కాల్చొద్దని చెప్పి వచ్చాను. ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించిన తుపాకులు తుప్పు పట్టి రావడం ఇంకో తద్దినం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట ఆగింది, మంచిదే, ఆగవలసిందే. 1980ల నడుమ నుంచి మామూలు లైసెన్సుదారుకు దిగుమతి మూసుకుపోయింది. అంటే దేశంలో ఉన్న పాత మంచి తుపాకులే మనకున్నవి. 2019లో ఆయుధాల చట్టం సవరణతో ఒక మనిషికి రెండే అన్నారు, వారసత్వంగా వచ్చినవాటికీ అదే లెక్క. రక్షణ కోసం పెట్టిన హద్దును నేను తప్పుపట్టను. కానీ మూడోది ఏదో, దాని విలువేమిటో తెలియకుండా అప్పజెప్పేశారు చాలామంది. ముక్కలై కొలిమికి పోయే ఇనుములో ఏ ఆన్సన్-డీలీ ఉందో చూసే కన్ను అక్కడ ఉండదు.

అందుకని ఇంట్లో పాత తుపాకీ ఉన్నవాళ్లకు ఒకటే మనవి. లైసెన్సు సరిచూసుకోండి, గొట్టాలు విప్పి ముద్రలు ఫొటో తీయండి, నంబరు రాసుకోండి. పర్డీ, హాలండ్, వెస్ట్లీ రిచర్డ్స్ లాంటి కంపెనీల దగ్గర పాత ఖాతాలున్నాయి; నంబరు చెబితే ఏ సంవత్సరంలో, ఎవరి కోసం చేశారో చెబుతాయి. ప్రభుత్వానికి ఇంకో మనవి: అప్పగించిన తుపాకులను తునకలు చేసేముందు తెలిసినవాణ్ని ఒక్కణ్ని పిలిపించి చూపించండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఎలాగూ ఉంది. కాల్చడానికి వీల్లేకుండా చేసి అక్కడ పెట్టినా చాలు, కుర్రవాళ్లు మసి పట్టించి చెక్కిన కర్ర ఎలా ఉంటుందో చూస్తారు.