కూతకు పులి, పట్టుకు పిల్లి

పశ్చిమ ప్రకాశంలో కబడ్డీ పోటీ ఎక్కడ పెట్టినా, మార్కాపురం పక్క పల్లెలో సంక్రాంతికైనా, గిద్దలూరు వైపు తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పందేల పక్కనైనా, జనం ఒక కుర్రాడి కోసం ఎదురుచూస్తుంటారు. పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కూతకు వెళ్ళాడంటే కాలు బోనస్ గీత దాటించి, అదే ఊపులో తిరిగి కవర్‌లో ఉన్నవాడి భుజం తాకి, రెండంగల్లో మధ్యగీతకు వచ్చేస్తాడు. విజిళ్ళు మోగుతాయి. మైకులో వాడి పేరు మోతెక్కిపోతుంది. ఆ సందడి సద్దుమణగకముందే అవతలి జట్టువాడు కూత పెట్టుకుంటూ వస్తాడు. ఇప్పుడు మనవాడు పట్టుకు నిలబడాలి. మైకు వాణ్ణి మరిచిపోయేది అప్పుడే. ఆట తెలిసిన పెద్దవాళ్ళు వాణ్ణి చూడటం మొదలుపెట్టేదీ అప్పుడే.

వాళ్ళకు కనిపించేది ఇది. కుర్రాడు ఎడమ మూలన ఉన్నాడు. కూతకొచ్చినవాడు బోనస్ కోసం కాలు చాపాడు. చాపిన కాలు ఇంకా నేలకు ఆనలేదు, ఒంటి బరువంతా వెనక కాలి మీదే ఉంది. కుర్రాడు దూకేశాడు. చీలమండ దొరికింది, కానీ బరువు లేని కాలు దొరికి ఏం లాభం? వాడు విదిలించి లాక్కున్నాడు, బోర్లా పడ్డ మనవాడి మీదుగా దాటేశాడు. వీడి పక్కన చెయ్యి పట్టుకుని నిలబడ్డవాడు ఆ లాగుడుకు తూలి, అక్కరలేకుండా వచ్చినవాడికి తగిలాడు. పోయింది రెండు పాయింట్లు, ఇద్దరు మనుషులు. గట్టు మీద నుంచి ఎవరో అరుస్తారు: "తొందరపడబాకరా, కాలు దింపనీ!"

ఆ అరుపులో పట్టు విద్య సగం ఉంది. యాంకిల్ హోల్డ్ అనేది కాలు కిందికి దిగి, దాని మీద బరువు పడ్డ క్షణంలో వేయాల్సిన పట్టు. అర సెకను ముందైతే కాలు జారిపోతుంది, అర సెకను తర్వాతైతే ఆ కాలే వాణ్ణి వెనక్కి తోసి మధ్యగీత వైపు పంపిస్తుంది. కూతగాడి వేగానికీ ఈ ఓపికకూ పడదు. కూతలో గెలిపించేది ముందు కదలడం, పట్టులో గెలిపించేది ఆగడం. చిన్నప్పటి నుంచీ ముందు కదలమనే నేర్పిన ఒంటిని ఒక్కసారిగా ఆగమంటే ఆగదు. అందుకే వీడిది భయం అనుకోవడం తప్పు. భయపడేవాడు దూకడు కదా.

బరి కొలతలు చూస్తే మూలన నిలబడ్డవాడి కష్టం ఇంకా బాగా తెలుస్తుంది. మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే ఒక్కో జట్టుకు లోతు ఆరున్నర మీటర్లు. మధ్యగీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి మీటరు వెనక బోనస్ లైన్. ఇక వెనక గీత దాకా మిగిలేది మీటరూ ముప్పావు. మూలవాడి కాపురం ఆ సందులోనే. పక్కన మీటరు వెడల్పు లాబీ ఉంటుంది, తాకిడి జరిగేదాకా అందులో కాలు పెట్టకూడదు. పెడితే తనే అవుట్. వెనక్కి జరగడానికి చోటు లేదు, పక్కకు జరిగితే ప్రమాదం, ముందుకు దూకితే తొందరపాటు. ఆ ఇరుకులో మోకాళ్ళు వంచి, మడమలు కొద్దిగా లేపి, ఛాతీ కిందికి దించి ముప్పై సెకన్లపాటు కాచుకోవడం ఎంత పనో నిలబడి చూస్తే గాని తెలియదు. మన కుర్రాళ్ళలో చాలామంది పది సెకన్లకే నిటారుగా లేస్తారు. తొడలు మండుతాయి మరి.

రెండో లోపం కళ్ళది. వచ్చినవాడు చేతులు ఊపుతాడు, తల తిప్పుతాడు, కాలు ఆడిస్తాడు. ఇదంతా అబద్ధమని కూతగాడైన మనవాడికి అందరికంటే బాగా తెలిసుండాలి, రోజూ ఆ అబద్ధాలు ఆడేది తనే కాబట్టి. అయినా పట్టుకు నిలబడితే తనే నమ్మేస్తాడు. చేతులు, కళ్ళు, భుజాలు అబద్ధమాడతాయి గాని నడుం ఆడదు. నడుం ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి. అందుకే బడుల్లో పీఈటీ మాస్టార్లు చేతులు చూడొద్దు, నడుం చూడమని గొంతు చించుకుంటారు.

మూడోది గొలుసు. ఏడుగురూ ఎక్కువగా రెండు, మూడు, రెండుగా చేతులు పట్టుకుని నిలబడతారు. అటూ ఇటూ మూలవాడూ ఇన్‌వాడూ ఒక జత, నడుమ ఇద్దరు కవర్లూ సెంటరూ. చేతులు పట్టుకునేది అందానికి కాదు. పక్కవాడి వేళ్ళు బిగిస్తే ముందుకు, వదిలితే విడిపో, లాగితే వెనక్కి అని మాట లేకుండానే కబురు అందుతుంది. మూలవాడు చీలమండ పట్టిన మరుక్షణం కవర్ వచ్చి తొడో నడుమో అందుకోవాలి, ఇంకొకడు మధ్యగీతకు అడ్డంగా ఒరగాలి. కాలు ఒక్కటే పట్టుకుంటే బలమైనవాడు ఈడ్చుకుంటూ గీత దాకా పోతాడు. ముగ్గురు మూడు ఎత్తుల్లో, చీలమండ, తొడ, నడుం అనే వరసలో పడితే వాడు కదలలేడు. మన కుర్రాడు కూతకు ఒంటరిగా వెళ్ళి ఒంటరిగా వచ్చే అలవాటువాడు. పట్టులోనూ ఒంటరిగానే దూకుతాడు. దాన్నే అడ్వాన్స్ ట్యాకిల్ అంటారు. తగిలితే చప్పట్లు, తప్పితే గొలుసంతా తెగిపోతుంది.

ఇది కబడ్డీ ఒక్కదానికే ఉన్న జబ్బు కాదు. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాన విడిగా మొదలైన రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది. అంచున వేగంగా పరిగెత్తే వింగర్లే ఎక్కువగా ట్రైలు వేసి పేరు తెచ్చుకుంటారు. కుర్ర వింగర్ మీద కోచ్‌లు పెట్టే ఫిర్యాదు మన పీఈటీ మాస్టారి మాటే: బంతి పట్టుకున్నవాడి మీదికి ముందే లోపలికి దూకేస్తాడు, వాడు పక్కకు బంతి అందిస్తే అంచంతా ఖాళీ. అంచున ఉన్నవాడికి ఎక్కడైనా తప్పు దిద్దుకునే చోటు తక్కువ, వాడి వెనక సాయానికి మనిషీ ఉండడు.

లాబీ సంగతి చిన్నదనుకునేవాళ్ళు 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్ గుర్తు తెచ్చుకోవాలి. భారత్, ఇరాన్ 28–28 దగ్గర సమంగా ఉండగా పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి ఎవర్నీ తాకకుండా లాబీలోకి దిగాడు, ఇరాన్ వాళ్ళు వెంటపడి తామూ దిగారు. ఎవరికి ఎన్ని పాయింట్లనే గొడవతో ఆట చాలాసేపు ఆగిపోయింది. చివరికి భారత్ 33–29తో గెలిచింది. మన ఊళ్ళలో లాబీ గీతను సున్నంతో వేస్తారు, రెండో మ్యాచ్‌కల్లా అది చెరిగిపోతుంది, అడిగేవాడుండడు. అలవాటంతా అక్కడే చెడుతుంది.

ఇరాన్ పేరు వచ్చింది కాబట్టి ఇంకొక మాట. కబడ్డీ 1990లో ఆసియా క్రీడల్లోకి వచ్చిన దగ్గర్నుంచీ పురుషుల స్వర్ణం మనదిగానే ఉండేది. 2018లో జకార్తా సెమీఫైనల్లో ఇరాన్ 27–18తో ఆ వరసను తెంచింది. కుస్తీ నేల మీద నుంచి వచ్చిన వాళ్ళ పట్టు బలం చాలామంది కూతగాళ్ళకు అప్పుడు తెలిసొచ్చింది. ప్రొ కబడ్డీలో ఇరాన్ ఆటగాడు ఫజెల్ అత్రాచలి ఎడమ మూలన నిలబడి పేరు కొట్టేశాడు. కుడిచేతివాటం కూతగాళ్ళకు ఎదురయ్యే మూల అదే మరి. తెలుగు టైటాన్స్‌కూ విశాల్ భరద్వాజ్ లాంటి యాంకిల్ హోల్డ్ మనిషి ఉండేవాడు. అయినా మన ఊళ్ళలో పిల్లల్ని అడగండి, వాళ్ళు చెప్పేది రాహుల్ చౌదరి పేరే. 2014 నుంచి 2018 దాకా టైటాన్స్ కూతంతా అతనిదే కదా.

తప్పు పిల్లలది మాత్రమే కాదు. ముఖ్యమైన కూతగాడు పట్టులో అవుటైతే తర్వాతి కూత ఎవరు పెట్టాలి? అందుకే కెప్టెన్లు వాణ్ణి దాచుకుంటారు. "నువ్వు పట్టుకు పోబాక, వెనక ఉండు" అంటారు. లెక్కకు అది సరైనదే. కానీ మ్యాచ్ ముదిరేకొద్దీ ఒక్కొక్కరూ అవుటై, దాచుకున్నవాడే మిగిలిన ముగ్గురిలో ఉంటాడు. ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది ఉన్నప్పుడు పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. ఆటను తిప్పేసే ఆ ఘడియలో పట్టు అస్సలు సాధన చేయనివాడు చేతులు చాపుకుని నిలబడతాడు. ఈ చిక్కుముడిని ప్రతి పోటీలోనూ చూస్తాం, ఎవరూ విప్పరు.

మట్టి బరికీ మ్యాట్‌కీ తేడా వీళ్ళను ఇంకా దెబ్బతీస్తుంది. మనవైపు ఎర్రమట్టిలో వట్టికాళ్ళతో ఆడితే వేళ్ళు నేలలో దిగుతాయి, దూకినా జారుడుంటుంది, పొరపాటు కొంత కలిసిపోతుంది. పై స్థాయికి వెళితే బూట్లు, మ్యాట్. వచ్చినవాడు అక్కడ చిటికెలో తిరుగుతాడు. మట్టి మీద అందిన చీలమండ మ్యాట్ మీద అందదు. సెలెక్షన్లకు వెళ్ళి తిరిగొచ్చే మన పిల్లలు ఎక్కువగా ఓడేది ఇక్కడే, కూత దగ్గర కాదు.

ఏం చెయ్యాలి? కొత్తగా కనిపెట్టే పనేమీ లేదు. ఆ కుర్రాణ్ణి ఒక ఏడాదిపాటు మూలన కాకుండా కవర్‌లో నిలబెట్టాలి. అక్కడ వాడికి రెండు వైపులా మనుషులుంటారు, తప్పు చేసినా గొలుసు కాపాడుతుంది. మూలవాడు పట్టగానే రెండో మనిషిగా నడుం అందుకోవడం ఒక్కటే వాడి పని. సాధనలో వాడి కూతలు సగానికి తగ్గించి, ఆ సమయంలో పాత మూలవాళ్ళకు ఎదురుగా కాలు చాపించాలి, వాళ్ళ చేత పట్టించాలి, పట్టకుండా ఆగడమూ నేర్పాలి. ముప్పైలు దాటి, మోకాళ్ళు అరిగి, పోటీలకు పేర్లివ్వడం మానేసిన అలాంటి మూలవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. సాయంత్రం వచ్చి ఓ గంట నిలబడమంటే వస్తారు, అడిగినవాళ్ళే తక్కువ. ఆ ఏడాది కుర్రాడి కూత పాయింట్లు కాస్త తగ్గుతాయి, మైకులో పేరూ తగ్గుతుంది. అది జట్టుకూ వాళ్ళ నాన్నకూ నచ్చకపోవచ్చు.