పాలమూరు సంఘ చరిత్ర రచనలో తెలుగు ముద్రిత ఆధారాలు: ఒక విమర్శ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల మెన్నొనైట్ బ్రదరన్ సంఘాల చరిత్రపై విద్యార్థులు వ్రాయుచున్న పరిశోధనా వ్యాసాలను కొన్నేండ్లుగా చదువుచున్నాను. వాటి ఆధారాల పట్టికలో మిషనరీల ఆంగ్ల నివేదికలే ఎక్కువ. తెలుగులో అచ్చయిన కాగితం ఒకటి కనబడితే గొప్ప. అడిగితే, ‘మనవారు వ్రాయలేదు గదా’ అంటారు.

ఇదే మాట ఒకప్పుడు తెలంగాణ కవులను గూర్చి కూడా అన్నారు. గద్వాల ప్రాంతపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనతో సరిపెట్టలేదు. ఊరూరి నుండి రచనలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేయించారు. మన సంఘాలలో అట్టి ప్రయత్నం జరుగలేదు.

మిషను బోర్డు పత్రాలు అమెరికాలోని ఫ్రెస్నోలో ఉన్నాయి. గద్వాల ఫీల్డు 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుండి మెన్నొనైట్ బ్రదరన్ వారికి వచ్చింది. కనుక అంతకు ముందరి సంగతులకు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీ దస్తావేజులు చూడాలి. ఇది ఎరుగక గద్వాల సంఘ చరిత్రను 1937 నుండే మొదలుపెట్టిన వ్యాసమొకటి నా చేతికి వచ్చింది. ఆ నివేదికలు విలువైనవే, కాదనను. అయితే అవి బోర్డుకు, దాతలకు వ్రాసినవి. గ్రామ బోధకుడు, బైబిలు స్త్రీ వాటిలో తరచు లెక్కలలో అంకెగానే మిగులుదురు.

వారి పేర్లను ‘సువార్తమణి’ పాత సంచికలలో, కూటముల కరపత్రాలలో వెదకాలి. కరపత్రం అడుగున ముద్రణాలయం పేరు, ఊరు, ఒక్కొక్కప్పుడు ప్రతుల సంఖ్య ఉంటాయి. మన విద్యార్థులు ఆ పంక్తిని వదిలేసి విషయం మాత్రమే ఎత్తి వ్రాసుకుంటారు. 1867 నాటి ముద్రణ, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో అచ్చయిన పుస్తకాలు త్రైమాసిక పట్టికలకెక్కేవి. నిజాం రాజ్యం బ్రిటిషు ఇండియా చట్టానికి వెలుపలిది. కాబట్టి మనవారి పుస్తకం మద్రాసులో అచ్చయినదైతే ఆ పట్టికలలో వెదకవచ్చును. హైదరాబాదులో అచ్చయినదైతే ప్రతే దొరకాలి.

ఆ ప్రతులు చెదలకు, సున్నం పనులకు పోవుచున్నవి. చాలా ఏండ్ల క్రితం పార్సనేజి గోడలకు వెల్ల వేయిస్తూ, పురుగు పట్టినవని రెండు కట్టలు పొయ్యిలో పెట్టించినది నేనే. వాటిలో ఏ సంవత్సరాల సంచికలున్నవో చూడనైనా లేదు.

1920లో నాగర్‌కర్నూల్‌లో ఆరంభమైన బైబిలు పాఠశాల తరువాత శంషాబాద్‌కు మారింది. అక్కడ చదివిన పాస్టర్ల ఇండ్లలో ఇంకా ట్రంకు పెట్టెలుంటాయి. పరిశోధకుడు ఫ్రెస్నోకు ఉత్తరం వ్రాయకముందు ఆ ఇండ్లకు వెళ్ళి, పెట్టె తెరవమని అడగవలెను.