కులం లేనిచోట వర్గం: టెంసులా ఆవో కథలు

నాగాలలో కులం లేదు కనుక వారిది సమసమాజమనే మాట మన సాహిత్య సభల్లో చాలాకాలంగా చలామణీ అవుతోంది. దీనికి తోడుగా ఇంకొక మాట: బయటినుంచి మతమూ సైన్యమూ వచ్చి ఆ సమసమాజాన్ని ధ్వంసం చేశాయని. రెండో మాటలో నిజం చాలా ఉంది, మొదటిదానిలో తక్కువ. రెండింటినీ ముడివేసి చెప్పడంవల్ల మనం నాగా సాహిత్యాన్ని సగమే చదువుతున్నాం. టెంసులా ఆవో (1945–2022) 2006లో ప్రచురించిన ‘దీజ్ హిల్స్ కాల్డ్ హోమ్’ కథాసంపుటిని ఆధారం చేసుకుని ఆ మిగతా సగం గురించి రాయదలచాను.

నాగా అన్నది ఒక తెగ పేరు కాదు, అనేక తెగలకు ఉమ్మడి పేరు. అంగామీలలో వంశపారంపర్య నాయకుడు లేడు. ఊరి మగవాళ్ళు వాదించుకుని నిర్ణయించుకునేవారు. కొన్యాక్‌లలో అలా కాదు. అక్కడ ఆంగ్ అనే దొర ఉంటాడు. ఆయన వంశం వేరు, సామాన్యుల వంశాలు వేరు. ఆయన పొలంలో సామాన్యులు పనిచేయాలి. ఈ వ్యవస్థను 1936–37లో కొన్యాక్‌ల మధ్య నివసించి పరిశీలించిన హైమెన్‌డార్ఫ్ మనకు కొత్తవాడేమీ కాదు. 1940లో కొమురం భీం హతుడైన తర్వాత ఆదిలాబాదు గోండుల స్థితిగతులు అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం నియమించింది ఈయననే. మార్లవాయి హైమెన్‌డార్ఫ్‌ను గుర్తుంచుకున్న మనం, ఆయన వర్ణించిన ఆంగ్‌లను మరచిపోవడం విచిత్రం.

ఇక సంపద సంగతి. పాత నాగా గ్రామంలో ధాన్యం మిగిలినవాడు దాన్ని దాచుకుంటే గౌరవం లేదు. వరుసగా విందులివ్వాలి, చివరికి మిథున్ అనే పశువును బలిచ్చి ఊరందరికీ పంచాలి. అప్పుడే ప్రత్యేకమైన శాలువ కప్పుకునే హక్కు, ఇంటిని అలంకరించుకునే హక్కు వస్తాయి. దీన్ని సామ్యవాదం అనుకోనక్కరలేదు. పేదవాడు ఒక పూట తిన్నాడు, కలిగినవాడు జీవితాంతం నిలిచే పేరు కొనుక్కున్నాడు. కాని మిగులు ఊళ్ళోనే కరిగిపోయేది, అది చిన్న విషయం కాదు. 1872లో ఆవో గ్రామాలకు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లార్క్, ఆయన తర్వాత వచ్చినవారు బలినీ బియ్యపు కల్లునూ కూడదన్నారు. వాటితో విందూ పోయింది. 2011 జనాభా లెక్కల నాటికి రాష్ట్రంలో సుమారు 88 శాతం క్రైస్తవులు. మిషనరీలను నిందించడం నా ఉద్దేశం కాదు. బడి పెట్టిందీ భాషకు లిపి ఇచ్చిందీ వాళ్ళే. విందు పోయాక మిగులు ఎటు పోయింది? నా ప్రశ్న అది. 1963లో రాష్ట్రం ఏర్పడ్డాక సంపద పొలంనుంచి కంటే ఢిల్లీనుంచి ఎక్కువగా వచ్చింది. కాంట్రాక్టుగా వచ్చింది, ఉద్యోగంగా వచ్చింది. దాన్ని పంచమని అడిగే ఆచారమేదీ మిగలలేదు. మిథున్‌ను బలిచ్చినవాడో, శత్రువు తల తెచ్చినవాడో మాత్రమే కప్పుకోదగిన శాలువను ఈనాడు డబ్బున్న ఎవరైనా బజారులో కొనుక్కోవచ్చు.

ఈ మలుపును టెంసులా ఆవో ‘సొవాబా’ కథలో పట్టుకున్నారు. ఊళ్ళను బలవంతంగా ఒకచోటికి చేర్చిన రోజుల్లో దిక్కులేనివాడైన ఒక పిచ్చి కుర్రాడు పట్టణానికి కొట్టుకువస్తాడు. ఆవో భాషలో ఆ పేరుకర్థమే తెలివితక్కువవాడని. ప్రభుత్వం ఇచ్చిన తుపాకులతో, జీపులతో ‘బాస్’గా ఎదిగిన నాగా పెద్దమనిషి ఇంట్లో వాడికి ఇంత తిండి దొరుకుతుంది. ఒకనాడు తాగిన మైకంలో ఆ బాసే వాణ్ణి కాల్చేస్తాడు. చంపినవాడూ చచ్చినవాడూ ఒకే జాతి, ఒకే భాష. ‘కర్ఫ్యూ మ్యాన్’లో సతెంబా మోకాలు విరిగి పోలీసు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. భార్య అధికారి ఇంట్లో పనిమనిషి. అతడు ఇన్‌ఫార్మర్ అయింది ద్రోహబుద్ధితో కాదు, గత్యంతరం లేక. రెండో మోకాలు కూడా పోయినప్పుడు ప్రభుత్వం ఇంకొకణ్ణి చూసుకుంటుంది. మన విప్లవ కథల్లో ఇన్‌ఫార్మర్ పాత్రను ఇంత నిదానంగా అర్థం చేసుకున్న రచన నాకు తటస్థపడలేదు.

అయితే ఈ రచయిత్రి మీద నాకొక అభ్యంతరం ఉంది. సంపుటిలోని పది కథల్లో ఒక్కదానికీ భూమి వస్తువు కాలేదు. మన మన్యంలో బయటివాడు వచ్చి భూమి కాజేయడం ప్రధాన సమస్య; 1/70 చట్టం పుట్టింది అందుకే. నాగాలాండ్‌లో 371ఎ అధికరణం భూమినీ ఆచార న్యాయాన్నీ అక్కడివారి చేతిలోనే ఉంచింది. మరి బయటి షావుకారుకు తలుపు మూసినచోట హెచ్చుతగ్గులు ఎలా పెరిగాయి? 2011లో ఆవోల మొకొక్‌చుంగ్ జిల్లాలో అక్షరాస్యత 91 శాతం పైన, కొన్యాక్‌ల మోన్ జిల్లాలో 57 శాతం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక ప్రాంతం కోరుతూ తూర్పు జిల్లాలు ఆరూ దాదాపు పూర్తిగా ఓటింగును బహిష్కరించాయి. ఆ కోపం ఢిల్లీ మీదే కాదు, కోహిమా మీద కూడా. 2021 డిసెంబరు 4న మోన్ జిల్లా ఓటింగ్ గ్రామం వద్ద సైనికుల కాల్పుల్లో మొదట చనిపోయిన ఆరుగురూ బొగ్గుగనిలో పని ముగించుకుని ఇంటికి వస్తున్న కూలీలు. మనం వాళ్ళను నాగాలుగా గుర్తించి ఖండనలు రాశాం. కూలీలుగా గుర్తించి రాసినవాళ్ళు ఎందరు? ఆ కూలీ టెంసులా ఆవో కథల్లోనూ లేడు. ఆమె రాసింది తనకు తెలిసిన ఆవో సమాజం గురించి, ఇంగ్లీషులో. తెగకూ తెగకూ మధ్య బజారులో వాడే నాగామీస్‌కు సాహిత్యంలో చోటు ఇంకా స్వల్పమే. ఇది రచయిత్రి తప్పని అనను. కాని విమర్శకుడు గమనించి తీరాలి.

ఆమె దృష్టి ఎంత పదునైనదో చెప్పడానికి ‘పాట్ మేకర్’ ఒక్కటి చాలు. తల్లి కుండలు చేస్తుంది. కూతురు ఆ పని నేర్చుకుంటానంటే వద్దంటుంది. దూరంనుంచి బంకమట్టి మోసుకురావడం, పిసకడం, కాల్చడం. ఇంత చేసినా వచ్చే ఆదాయం అంతంతమాత్రం. నేత నేర్చుకుంటే నాలుగు డబ్బులొస్తాయని ఆమె లెక్క. అప్పుడు ఊరి పెద్దలు కల్పించుకుని, ఈ విద్య ఊరందరిదీ, నేర్పకపోవడం తప్పని మందలిస్తారు. ఎవరిని? తల్లిని కాదు, ఆమె భర్తను పిలిపించి. మట్టి మోసేది ఆమె, సంస్కృతికి సొంతదారులు మాత్రం వాళ్ళు. ఇదే ఆచారం పేరిట పట్టణ స్థానిక సంస్థల్లో స్త్రీలకు 33 శాతం సీట్లు ఏళ్ళ తరబడి ఆగాయి. 2017లో దీనిమీదనే కోహిమాలో మునిసిపల్ భవనం తగులబెట్టారు. చివరికి 2024 జూన్‌లో గాని ఆ ఎన్నికలు జరగలేదు. శాసనసభకు మొదటిసారి స్త్రీలు గెలిచింది 2023లో. అప్పటికి రాష్ట్రం ఏర్పడి 59 ఏళ్ళు. పితరుల భూమిలో ఆడపిల్లకు వాటా లేదన్న కట్టడి మాత్రం చాలా తెగల్లో అలాగే ఉంది.

ఈ సంపుటిని తెలుగులోకి తేదలచినవారు సహజంగానే సైనిక అత్యాచారాన్ని చిత్రించిన ‘లాస్ట్ సాంగ్’ వైపు ముందు చూస్తారు. అది గొప్ప కథే. కాని దాన్ని చదివి కోపగించుకోవడానికి మనకు కొత్తగా ఏ ఆలోచనా అక్కరలేదు. నన్నడిగితే కుండల కథతో మొదలుపెట్టమంటాను. కుమ్మరి ఆడదాని చాకిరీని ‘మన చేతివృత్తుల వైభవం’ అని రాసే అలవాటు మనకూ ఉంది.