వాక్కు, వర్తనము, వివేచన: 'ఎల్మర్ గాంట్రీ' నవలా పరిశీలనము

క్రైస్తవ మతచరిత్రయందు ఉజ్జీవసభలది ఒక ప్రత్యేకాధ్యాయము. గుడారములు వేసి, వేలకొలది జనులను సమావేశపఱచి, పాటచేతను ప్రసంగముచేతను ప్రార్థనచేతను వారి హృదయములను కదలించి, మారుమనస్సునకు పిలుచుట ఈ సభల లక్షణము. ఇందు బోధకుని వ్యక్తిత్వమునకు గల ప్రాధాన్యము నియతమైన ఆరాధనక్రమము గల దేవాలయములలో అంతగా కానరాదు. అచ్చట బోధకుడు క్రమమునకు లోబడియుండును. గుడారమున క్రమమే బోధకునకు లోబడును. కావుననే యిచ్చట ఒక ప్రశ్న తప్పక పుట్టును. వాక్కునకు గల శక్తి వక్తయొక్క శీలమునకు సాక్ష్యమగునా? కాదేని, వినువాడు దేనినిబట్టి నిర్ణయింపవలెను?

ఈ ప్రశ్నను కథావస్తువుగా గైకొనిన ఆధునిక రచనలలో అమెరికా నవలాకారుడు సింక్లెయిర్ లూయిస్ (1885-1951) 1927లో ప్రకటించిన 'ఎల్మర్ గాంట్రీ' మిక్కిలి ప్రసిద్ధము. వెలువడిన యేటనే బోస్టను నగరమున నిషేధింపబడిన గ్రంథమిది. దీనిని కపటబోధకునిపై వ్రాసిన వ్యంగ్యరచనగా పరిగణించుట వాడుక. ఆ మాట సత్యమే కాని చాలదు. ఈ నవల కపటమును చిత్రించుటలో సమర్థమైనను, కపటమును గుర్తించుట యెట్లను సమస్యను చాలవఱకు దాటవేసినదనియు, దాటవేయని రెండు మూడు ఘట్టములయందే దాని నిజమైన బలము గలదనియు మేము తలంచుచున్నాము. ఈ యభిప్రాయమును నిరూపించుటయే ప్రస్తుత వ్యాసముయొక్క ఉద్దేశము.

నవలలోనికి ప్రవేశించుటకు ముందు, ఈ విషయమున క్రైస్తవసంఘము తనకు తానే యేర్పఱచుకొనిన కొలమానములను స్మరించుట యవసరము. మొదటి శతాబ్ది చివరనో రెండవ శతాబ్ది మొదటనో గ్రీకుభాషలో వెలసిన 'డిడఖే' యను చిన్న గ్రంథము కలదు. దీని వ్రాతప్రతిని ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అను పండితుడు 1873లో కాన్‌స్టాంటినోపిలునందు కనుగొని 1883లో ముద్రించెను. ఊరూర తిరుగు బోధకులను గూర్చి యిందు చెప్పిన సూత్రములు మిక్కిలి సులభములు. అట్టివాడు ఒక దినము, అవసరమైనచో రెండు దినములు ఉండవచ్చును. మూడవ దినమును నిలిచినచో అబద్ధప్రవక్త. పోవునపుడు దారిబత్తెమునకై రొట్టె తప్ప ధనమడిగినచో అబద్ధప్రవక్త. ఆత్మావేశమున విందు సిద్ధపఱపుడని చెప్పి తానే దానిని భుజించినచో అబద్ధప్రవక్త. ఆవేశమున పలుకు ప్రతివాడును ప్రవక్త కాడు; ప్రభువు నడవడి గలవాడే ప్రవక్త. అయినను అదే గ్రంథము, ఆత్మావేశమున పలుకుచున్నవానిని ఆ సమయమున పరీక్షింపరాదని కూడ శాసించుచున్నది. ఈ రెండు మాటలను కలిపి చదివినచో ఒక సూక్ష్మము బోధపడును. ప్రవక్తకు పరీక్ష సభలో జరుగదు. అతడు దిగిన యింట, కూర్చుండిన పంక్తిలో, పుచ్చుకొనిన కానుకలో జరుగును.

1740 ప్రాంతమున అమెరికాయందలి ఇంగ్లీషు వలసలలో 'మహా ఉజ్జీవము' చెలరేగినపుడు ఈ సమస్య మరల తలయెత్తినది. సభలలో జనులు కేకలు వేయుచు, మూర్ఛిల్లుచుండిరి. ఇది దైవకార్యమని కొందఱు, ఉన్మాదమని కొందఱు వాదించిరి. నార్తాంప్టను సంఘకాపరియగు జోనతన్ ఎడ్వర్డ్సు, మతసంబంధమైన భావావేశములను గూర్చి 1746లో ప్రకటించిన గ్రంథమున, ఇరుపక్షముల వాదమును త్రోసిపుచ్చెను. భావతీవ్రత, దేహకంపము, అనర్గళమైన వాక్కు మున్నగు పండ్రెండు లక్షణములు సత్యమునకు గాని మోసమునకు గాని నిశ్చయమైన గుర్తులు కావని మొదట చెప్పి, పిమ్మట నిజమైన గుర్తులను పండ్రెంటిని వివరించెను. వానిలో కడపటిదియు, అన్నిటికన్న విపులముగ చర్చింపబడినదియు ఆచరణము. అదే కాలమున జేమ్స్ డావెన్‌పోర్టు అను సంచారబోధకుడు ఇతర కాపరులను మారుమనస్సు లేనివారని బహిరంగముగ నిందించుచు తిరిగెను. 1743 మార్చిలో న్యూలండను పట్టణమున అతని ప్రేరణచే మతగ్రంథములు అగ్నిపాలయ్యెను. 1744లో తన నడత తప్పని అతడే ముద్రణముఖమున ఒప్పుకొనెను. పరుల హృదయములను తాను చదువగలనను గర్వము, వివేచనమను పేరుతో సంచరింపగలదని దీనివలన తెలియుచున్నది. ఎడ్వర్డ్సు కూడ తన కొలమానమునకు అతీతుడు కాడు. 1731లో న్యూపోర్టునందు ఆయన ఒక బాలికను బానిసగా కొనిన క్రయపత్రము నిలిచియున్నది. ఆచరణమను కొలబద్ద దానిని చేతబట్టినవానిని సయితము కొలుచును.

ఇక నవలకు వత్తము. గాంట్రీ కాన్సాసు రాష్ట్రమందలి యొక మతకళాశాలలో చదివిన దృఢకాయుడు, గంభీరకంఠుడు. ఒక సభలో జనసమ్మర్దపు ఒత్తిడికి లోనై మారుమనస్సు పొందినట్లు ప్రకటించును. బోధకుడై, మతఖండనమునకు పేరొందిన రాబర్టు ఇంగర్‌సాల్ పలుకులనుండి ప్రేమను గూర్చిన భాగమును దొంగిలించి, తన ప్రసంగముగ వినిపించును. జనులు ముగ్ధులగుదురు. ఆ ప్రసంగమే పలుమార్లు అతని కక్కఱకు వచ్చును.

ఇచ్చట దోషమెందున్నది? సెయింట్ ఆగస్టీను క్రైస్తవబోధనమును గూర్చి వ్రాసిన గ్రంథముయొక్క నాల్గవ భాగమున, చక్కగ పలుకు నేర్పు గలిగి రచించు నేర్పు లేనివారు ఇతరుల రచనలను గైకొని వినిపించుటను అనుమతించెను. చెడునడత గలవాడు చెప్పిన మంచిమాటవలనను వినువారికి మేలు కలుగవచ్చునని కూడ అంగీకరించెను. కాని వక్తయొక్క జీవితము అతని వాగ్వైభవముకన్న బరువైనదని వెంటనే నొక్కి చెప్పెను. కావున అరువు తెచ్చుకొనుటయే గాంట్రీ దోషమనుట చాలదు. ప్రేమను గూర్చి ఉపన్యసించిన యీ నోటితోనే అతడు లూలూ బెయిన్స్ అను గ్రామకన్యను వంచించును. ఆమెను వివాహమాడు బాధ్యతను తప్పించుకొనుటకై, నింద ఆమెపైనను మఱియొక యువకునిపైనను పడునట్లు పన్నును. వేలమంది కన్నీరు కార్చిరనుట లూలూకు జరిగిన అన్యాయమును మాన్పజాలదు. ఉజ్జీవోద్యమములయందు తఱచుగ వినవచ్చు వాదమొకటి కలదు: ఇన్ని ఆత్మలు రక్షింపబడినవి గనుక బోధకుడు దైవసమ్మతుడేయని. మత్తయి సువార్త ఏడవ అధ్యాయము ఈ వాదమును ముందే కాదన్నది. ప్రభువు నామమున ప్రవచించి, అద్భుతములు చేసినవారు సయితము అచ్చట తిరస్కరింపబడుదురు.

ఇంతవఱకు లూయిస్ చిత్రణమున లోపము లేదు. లోపము కథనపద్ధతియందున్నది. నవలయొక్క మొదటి వాక్యముననే గాంట్రీ మత్తుడై మనకు ప్రత్యక్షమగును. అటుపిమ్మట అతని ప్రతి దురాలోచనను రచయిత మన చెవిలో చెప్పుచునే యుండును. గుడారమున కూర్చుండిన శ్రోతకు ఈ సౌకర్యము లేదు. అతడు కంఠమును వినును, ముఖమును చూచును. గది తలుపు వెనుక జరుగునది యెఱుగడు. పాఠకుడు ఆ శ్రోతను మూఢుడని నవ్వుకొనుచు, తాను వివేకినని భ్రమించును. నిజమునకు అతనికి వివేచనతో పనియే కలుగలేదు. వ్యంగ్యరచనకు ఈ పద్ధతి సుకరమే. సమస్యను తెలిసికొనుటకు మాత్రము తోడ్పడదు.

షారన్ ఫాల్కనర్ పాత్రతో ఈ సౌకర్యము సడలును. ఈ సువార్తికురాలు వర్జీనియా ఉన్నతవంశజగా చెప్పుకొనును. పుట్టుపేరు కేటీ జోనస్. వంశకథ కల్పితము. అయినను తాను దైవమెన్నుకొనిన పాత్రనని ఆమె నమ్మును. క్రొత్తగ కట్టించిన మందిరము తగులబడునపుడు, తన్ను అనుసరించినవారికి హాని లేదని పలుకుచు, సిలువను చేతబట్టి మంటలలో మరణించును. గాంట్రీ ప్రాణము దక్కించుకొనును. అతని విషయమున మనము 'ఇతడు నమ్ముచున్నాడా?' యని అడిగితిమి. షారన్ విషయమున ఆ ప్రశ్న పనికిరాదు. ఆమె నమ్మకము నిజమే. ఆ నమ్మకమే జనులను మంటవైపు పిలిచినది. చిత్తశుద్ధి, శీలము ఒక్కటి కావని ఇంత తీవ్రముగ చూపిన ఘట్టము ఈ నవలలో మఱియొకటి లేదు.

ఈ పాత్రకు మాతృకయని విమర్శకులు చెప్పు ఐమీ సెంపుల్ మెక్‌ఫర్సన్ (1890-1944) చరిత్ర మఱింత చిక్కైనది. ఆమె 1923 జనవరి 1న లాస్ ఏంజెలిసునందు ఐదువేలకు పైగా జనులు కూర్చుండదగిన ఏంజెలస్ టెంపుల్‌ను ప్రారంభించెను. 1926 మేలో సముద్రతీరమున అదృశ్యమై, జూనులో మెక్సికో సరిహద్దున కానవచ్చి, తన్ను దుండగులు ఎత్తుకొనిపోయిరని చెప్పెను. ఆ కథ బూటకమని మోపిన అభియోగములు 1927 జనవరిలో ఉపసంహరింపబడెను. వివాదము మాత్రము ముగియలేదు. ఆర్థికమాంద్యపు దినములలో ఆకొన్నవారికి విరివిగ అన్నవస్త్రములు పంచిపెట్టినదియు ఆమె మందిరమే. నవలలో అగ్ని తీర్పు చెప్పినది. జీవితమున అట్టి తీర్పు లభింపలేదు. అన్నదానమును చూపి అదృశ్యోదంతమును మఱపించుటయు, అదృశ్యోదంతమును చూపి అన్నదానమును తుడిచివేయుటయు పక్షపాతములే. రెంటిని ఏకకాలమున కనుటయే కష్టమైన పని.

నవలయందు నిజమైన వివేచన గలవాడు ఒక్కడే కానవచ్చును. అతడు ఆండ్రూ పెంగిలీ యను వృద్ధ మెథడిస్టు కాపరి. గాంట్రీ తన యుత్సాహమును ప్రదర్శించుచుండగా, ఈ వృద్ధుడు దేవుని నేల నమ్మకున్నారని అతనిని శాంతముగ ప్రశ్నించును. ఇందు నింద లేదు, సభ లేదు, సాక్షులు లేరు. డావెన్‌పోర్టు వలె వీథిలో చాటడు, ఎదుటివానినే అడుగును. ఇది ఆయన కెట్లు తెలిసినదో రచయిత వివరింపడు. చిరకాలము ప్రార్థనయందు గడపినవాడు దాని లేమిని పసికట్టెనని మేమూహించుచున్నాము. కాని ఆ ప్రశ్నకు ఫలము లేదు. గాంట్రీ తన దారిన తాను పోవును. తన సంశయమును దాచలేని ఫ్రాంక్ షాలర్డు శీలవంతుడయ్యును సంఘమునుండి వెడలి, దుండగుల దెబ్బలకు చూపు కోల్పోవును. వ్యక్తికి వివేచన యున్నను, సంఘమునకు లేనిచో అది నిష్ప్రయోజనమని యీ రెండు పాత్రలు తెలుపుచున్నవి.

సంఘమునకు వివేచన యెట్లు కలుగును? నవల ముగింపు దీనికి ప్రతికూలముగ సమాధానము చెప్పుచున్నది. హెట్టీ డౌలర్ అను స్త్రీ, భర్తతో కలిసి గాంట్రీని బెదరించి ధనము లాగజూచును. పత్రికలో ఆరోపణ వెలువడును. గాంట్రీ న్యాయవాది ఆమె పూర్వచరిత్రను త్రవ్వి, ఆరోపణ అబద్ధమని ఆమెచేతనే వ్రాయించి సంతకము చేయించును. సంఘము జయధ్వానములు చేయును. సాక్షి చెడ్డదైనందున సాక్ష్యము కూడ అబద్ధమని అందఱు నమ్మిరి. తెలుగు పాఠకునకు ఇచ్చట గురజాడవారి 'కన్యాశుల్కము' స్మృతికి రాకమానదు. గిరీశము కూడ ఉపన్యాసముచేతనే బ్రదుకువాడు. సంస్కరణోద్యమపు పలుకుబడి అతని నాలుకపై నాట్యమాడును. సౌజన్యారావు పంతులంతటివాడు అతని మాటలకు మోసపోయెను. నిజము తెలిసినది వాక్పరీక్షవలన కాదు, గిరీశము గతమెఱిగిన మధురవాణి వలన. వేశ్యలతో సంబంధమునే నిరసించు పంతులు, ఆమె వేశ్యయని తెలిసిన పిమ్మటను ఆమె మాటను గణించెను. ఆ వినికిడియే బుచ్చమ్మను కాపాడినది. గాంట్రీ సంఘమునకు సౌజన్యారావు పంతులు వంటి శ్రోత లభింపలేదు. రెండు రచనల ముగింపులయందలి భేదము వంచకులలో లేదు. వినువారి శీలములో కలదు.

ఈ నవల కథాప్రపంచమునకే పరిమితము కాలేదు. 1948లో కాలిఫోర్నియాయందలి మొడెస్టో పట్టణమున బిల్లీ గ్రాహమ్, ఆయన సహచరులు కూడి, సంచారసువార్తికులకు అపకీర్తి తెచ్చు దోషములను లెక్కించి, నాలుగు విషయములలో నియమములేర్పఱచుకొనిరి. ధనము, స్త్రీలతో వర్తనము, స్థానికసంఘములను నిందింపకుండుట, హాజరైనవారి సంఖ్యను పెంచి చెప్పకుండుట అను నవి ఆ నాలుగు. 1997లో ప్రకటించిన ఆత్మకథలో గ్రాహమ్ ఈ సందర్భమున ఎల్మర్ గాంట్రీ పేరును స్మరించెను. డిడఖే సూత్రములకును ఈ నియమములకును గల పోలిక గమనింపదగినది. రెండును హృదయమును చదువబూనక, డబ్బునో ఆతిథ్యమునో పట్టి చూచును. తనను తాను నమ్మనివాడే ఇట్టి నియమమును కోరును. శీలమునకు ఇదియు ఒక గుర్తు. కాని బోధకుడు తనకై విధించుకొను నియమము సగము రక్షణయే. అతనివలన హాని పొందినవారి మాటను వినుటకు సంఘమున ఒక చోటు లేనిచో, తక్కిన సగము శూన్యము.

పై చర్చవలన మేము చేరిన నిర్ణయమిది. 'ఎల్మర్ గాంట్రీ' కపటబోధకుని తూలనాడుటకు పనికివచ్చినంతగా, గుర్తించుటకు పనికిరాదు. అందు మనము చదువవలసినవి లూలూ మౌనము, షారన్ నమ్మకము, పెంగిలీ ప్రశ్న. పరిశోధకవిద్యార్థులు ఈ నవలను గిరీశము కథతో చేర్చి పఠించినచో, వంచకుని హాస్యమునకన్న వినువారి బాధ్యతపై దృష్టి నిలుపగలరని మా విశ్వాసము. మధురవాణి ద్వారమున నిలిచి మాటలాడునపుడు ఎవరు వినుచున్నారను ప్రశ్న రెండు కథలయందును సమానమే. ఉజ్జీవసభలు జరుగు ప్రతి యూరను అది యడుగదగినదే.