ఎవరి చదువుకి క్రెడిట్?

మా పల్లెలో అంబేద్కర్ యువజన సంఘం వాళ్లు రాత్రి బడి నడిపేవాళ్లు. చర్చి అరుగు మీద, ఒక్క బల్బు కింద. పగలు హైస్కూల్లో లేని పాఠాలు అక్కడ ఉండేవి. పూలే ఎవరు, అంబేద్కర్ మహద్ చెరువు దగ్గరకి ఎందుకు పోయాడు, 1985లో కారంచేడులో ఏం జరిగింది - ఇవన్నీ నేను అక్కడే విన్నాను. ఒకరోజు మా అమ్మ అడిగింది: "ఏరా, ఈ సదువుకి మార్కులేస్తారా?" వెయ్యరన్నాను. "మరి మార్కులేసే సదువు ఎప్పుడు సదువుతావు?" అంది. మా అమ్మకి అక్షరం రాదు. కానీ విద్యారంగం గురించి అంతకంటే సూటి ప్రశ్న నేను తర్వాత ఏ సెమినార్లోనూ వినలేదు. ఏ చదువుకి మార్కులుంటాయి, ఏ చదువుకి ఉండవు, అది నిర్ణయించేది ఎవరు?

ఈ ప్రశ్న పట్టుకుని అమెరికాలో ఒక కోర్సు కథ చూద్దాం. అది మన కథ కూడా.

అక్కడ హైస్కూలు పిల్లలు కాలేజీ స్థాయి పాఠాల్ని స్కూల్లోనే చదివే పద్ధతి ఉంది. దానిపేరు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఏడాది చివర పరీక్ష, 1 నుంచి 5 దాకా స్కోరు. 3 గానీ ఆపైన గానీ వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. పేరున్న కాలేజీలు 4, 5 అడుగుతాయి. క్రెడిట్ వస్తే ఆ కోర్సు కాలేజీలో మళ్లీ చదవక్కర్లేదు, దానికి ఫీజు కట్టక్కర్లేదు. కాలేజీ ఫీజులు అప్పుల్లో ముంచే ఆ దేశంలో క్రెడిట్ అంటే గౌరవం ఒక్కటే కాదు, డబ్బు కూడా.

ఈ పద్ధతి ఎవరి కోసం పుట్టింది? 1950ల మొదట్లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ అనే సంపన్నుల స్కూళ్లూ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాలూ కూర్చుని ఆలోచించాయి. తమ స్కూళ్లలో చదివిన పిల్లలు కాలేజీకొచ్చి అదే పాఠం మళ్లీ చదవటం దండగ అన్నది వాళ్ల బాధ. 1955-56 నుంచి కాలేజ్ బోర్డ్ అనే సంస్థ దీన్ని నడుపుతోంది. అదే కాలంలో నల్లపిల్లల బాధ వేరు. బడిగేటు దాటనిస్తారా లేదా అన్నదే వాళ్ల సమస్య. స్కూళ్లలో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తీర్పిచ్చింది. అయినా 1957లో ఆర్కన్సాలోని లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్లో తొమ్మిదిమంది నల్లపిల్లలు అడుగుపెట్టటానికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపాల్సొచ్చింది. ఒకరికి రెండు మెట్లు ఒకేసారి ఎక్కే వెసులుబాటు, ఇంకొకరికి మొదటి మెట్టు మీదే తుపాకుల కాపలా! మెరిట్ గురించి మాట్లాడే ప్రతివాడూ ఈ రెండు దృశ్యాల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

అలాంటి పద్ధతిలోకి ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ ఎప్పుడొచ్చింది? 2022లో, అదీ ప్రయోగాత్మకంగా 60 స్కూళ్లలో. ఈ చదువు ఎవరి దయవల్లా పుట్టలేదు. 1968 నవంబర్లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్ల విద్యార్థులూ, ఇతర పీడిత జాతుల విద్యార్థులూ కలిసి సమ్మెకి దిగారు. అయిదు నెలలపాటు లాఠీదెబ్బలు తిని, అరెస్టులై, బ్లాక్ స్టడీస్ విభాగాన్ని సాధించుకున్నారు. సమ్మెలో పుట్టిన చదువు పరీక్షగా మారి హైస్కూలు చేరటానికి యాభై ఏళ్లపైన పట్టింది.

చేరిన మరుసటి ఏడాదే దాని మీద కత్తి పడింది. 2023 జనవరిలో ఫ్లోరిడా ప్రభుత్వం ఈ కోర్సుకి విద్యాపరమైన విలువ లేదంది, తమ చట్టానికి విరుద్ధమంది. ఫిబ్రవరి 1న కాలేజ్ బోర్డ్ కొత్త సిలబస్ ప్రకటించింది. ఫ్లోరిడా మాట విని మార్చలేదు, మార్పులు ముందే అయిపోయాయి అని బోర్డు చెప్పుకుంది. సరే, ఆ మాట నమ్ముదాం. నమ్మినా సిలబస్ సిలబస్సే గదా, అందులో ఏముందో చూడాలి. 'ఇంటర్‌సెక్షనాలిటీ' అనే భావనని 1989లో ప్రతిపాదించిన కింబర్లీ క్రెన్‌షా పేరు పోయింది. టా-నెహిసీ కోట్స్ పేరు పోయింది. బ్లాక్ లైవ్స్ మేటర్ ఉద్యమం, బానిసత్వానికి నష్టపరిహారం అనే డిమాండు పరీక్షలోంచి జారి, విద్యార్థి ఇష్టముంటే ఎంచుకునే ప్రాజెక్టు అంశాల జాబితాలో పడ్డాయి. ఆ జాబితానీ ఆయా రాష్ట్రాలు సవరించుకోవచ్చట.

ఈ కోత ఏ గీత మీద పడిందో గమనించాలి. ఆఫ్రికా రాజ్యాలు ఉన్నాయి, ఓడల్లో గొలుసులు ఉన్నాయి, బానిసల తిరుగుబాట్లు ఉన్నాయి. గతం ఉంది. పోయింది వర్తమానం. పీడన ఎలా పనిచేస్తుందో చెప్పే సిద్ధాంతం పోయింది. అంటే నల్లవాళ్లు తమ బాధ చెప్పుకోవచ్చు గానీ దాన్ని విశ్లేషించకూడదు. అనుభవం వాళ్లది, సిద్ధాంతం వేరేవాళ్లది. ఈ పంపకం మనకి తెలియంది కాదు. మన పాఠ్యపుస్తకాల అంబేద్కర్ రాజ్యాంగం రాస్తాడు, కుల నిర్మూలన గురించి మాత్రం మాట్లాడడు. చుండూరు 1991 నాటిది, అయినా అది పాఠానికి ఇంకా 'మరీ కొత్త' విషయమే.

విమర్శలు రేగాక బోర్డు మళ్లీ సవరించి 2023 డిసెంబర్లో ఇంకో సిలబస్ ఇచ్చింది. 1921 నాటి టల్సా హత్యాకాండ, నల్లవాళ్లకి ఇళ్ల రుణాలు దక్కకుండా చేసిన 'రెడ్‌లైనింగ్' లాంటివి అందులోకి వచ్చాయి. గొడవ చేస్తే సిలబస్ మారుతుందన్నమాట. మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇది.

రెండో పాఠం ఆర్కన్సాది. 2023 ఆగస్టులో, బడులు తెరిచే ముందు, ఆ రాష్ట్ర విద్యాశాఖ ఈ కోర్సుని తన గుర్తింపు జాబితాలోంచి తీసేసింది. చెప్పుకోవాలంటే చెప్పుకోండి, కానీ హైస్కూలు పట్టాకి అది లెక్కలోకి రాదు, మిగతా కోర్సులకి మల్లే పరీక్షఫీజు మేం కట్టం అంది. నిషేధం అనే మాటే వాడక్కర్లేకపోయింది. పుస్తకం తగలబెట్టక్కర్లేదు, దాని పక్కన మార్కుల గడి ఖాళీగా ఉంచితే చాలు, పేదపిల్ల దాన్ని ముట్టుకోవటానికి వెనకాడుతుంది. అయినా లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూలు ఆ పాఠం ఆపలేదు. 1957లో సైన్యం కాపలాతో నల్లపిల్లలు మెట్లెక్కిన బడే అది.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక మాట అంటారు: "మన చదువుకి వాళ్ల క్రెడిట్ ఎందుకు? ప్రైవేటు బోర్డు పెట్టే పరీక్షలో ఇరికిస్తే ఉద్యమ జ్ఞానం చప్పబడిపోదా?" ఈ మాటలో నిజం ఉంది. 1964లో మిసిసిపీ ఫ్రీడమ్ స్కూళ్లు ఏ క్రెడిట్టూ ఇవ్వకుండానే నల్లపిల్లలకి తమ చరిత్ర చెప్పాయి. మా రాత్రి బడీ అంతే. కానీ మార్కుల్లేని చదువుని ప్రేమించగలిగేది ఎవరు? ఇంట్లో తిండికి లోటు లేనివాడు. సాయంత్రం కూలికెళ్లి, రాత్రి సంఘం పాఠం విని, పొద్దున పరీక్ష రాసేవాడిని "క్రెడిట్ కోసం చదవకురా" అనటం అన్యాయం. 1882లో హంటర్ కమిషన్ ముందు పూలే చెప్పింది ఇదే గదా - రైతులు కట్టే శిస్తు డబ్బుతో పైకులాల చదువులు సాగుతున్నాయని. ఖర్చు మనది, లెక్క వాళ్లది. క్రెడిట్ అడగటం బిచ్చం కాదు, బాకీ వసూలు.

ఇప్పుడు ఆ లెక్కల పుస్తకం మన దగ్గరకీ వచ్చింది. 2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేంవర్క్ బడి చదువుని కూడా క్రెడిట్లలో కొలుస్తానంటోంది: 30 గంటలకి ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. గంటలు అందరికీ ఒక్కటే. కానీ గంటలో ఏం చెబుతారు? 'భారతీయ జ్ఞాన వ్యవస్థల'కి డిగ్రీ మొత్తం క్రెడిట్లలో కనీసం 5 శాతం దక్కేలా విద్యార్థుల్ని ప్రోత్సహించాలని యూజీసీ 2023లో మార్గదర్శకాలిచ్చింది. ఆ జ్ఞాన వ్యవస్థల్లో తోలు పదునుచేసే మాదిగ జ్ఞానం ఉందా? మంత్రసాని జ్ఞానం ఉందా? దళిత సాహిత్యానికి ఎంత శాతం? 2021 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు సిలబస్ నుంచి బామనీ, సుకీర్తరాణినీ తీసేసింది. వాళ్లతోపాటు మహాశ్వేతాదేవి కథ 'ద్రౌపది' కూడా పోయింది. ఫ్లోరిడాకీ ఢిల్లీకీ దూరం ఎంత?

దగ్గరితనం వాళ్లకే కాదు, మనకీ ఉంది. 1946లో అంబేద్కర్ డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి యువకులు బ్లాక్ పాంథర్లని చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. సిలబస్ పోరాటంలోనూ ఆ చూపు కావాలి. పాఠంలో ఒక పేరు చేర్చమని అడిగి ఊరుకుంటే చాలదు. సిలబస్ కమిటీలో ఎవరు కూర్చుంటారు, పాఠం తీసేసే అధికారం ఎవరిది, ఏది పరీక్షకి, ఏది 'ఇష్టముంటే' కిందకి - ఇవి అడగాలి. ఉపాధ్యాయులు తరగతిలో, విద్యార్థులు అకడమిక్ కౌన్సిల్ గుమ్మంలో అడగాలి.

రాత్రి బడి కూడా నడవాలి. అది ఎవరూ తీసెయ్యలేని సిలబస్. కానీ అక్కడ చదివిన పిల్లని వాళ్లమ్మ "మార్కులేస్తారా?" అని అడిగితే, వేస్తారమ్మా అని చెప్పే రోజు తేవటం మన పని.